తాటిచెట్టు దిగని చుట్టాలు

కట్టమ్మ వడిసెల గిర్రున తిప్పి వదిలిన రాయి తాటిమట్టకు తగిలి టప్పుమంది. ఇంటి వెనక రెండు తాటిచెట్ల మీదా ముడుచుకుని కూర్చున్న రాబందులు ఒక్కసారిగా లేచాయి. లేచినవి లేచినట్టే పోతే ఇంత కథ ఎందుకు? పోవు. ఆ ముదనష్టపు పక్షులు బారెడు రెక్కలు చాపి ఇంటి చుట్టూ తీరిగ్గా ఓ తిరుగుడు తిరుగుతాయి. వాటి నీడలు పెంకుల మీద నుంచి జారి, వాకిట్లోకి దిగి, వేపచెట్టు నీడ దాకా వచ్చి అందులో కలిసిపోతాయి. అవి కలిసే చోటే వెంకట్రాజం నులక మంచం ఉంది.

ఆ నీడలు తన వైపు వచ్చినప్పుడల్లా వెంకట్రాజం కళ్ళు మూసుకుంటాడు. ఇవాళా మూసుకున్నాడు. మళ్ళీ తెరిచేసరికి ఏ పక్షి మట్ట మీద ఆ పక్షి కూర్చునే ఉంది, ఏమీ జరగనట్టు. ఇంటి కప్పు మీదుగా అతనికి కనిపించేవి వాటి నల్లటి వీపులు, నడుముల మీది తెల్లటి మచ్చలు. పొద్దుగూకులూ అతను చూసేది వాటినే.

"అవి పోవే కట్టీ," అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. "నువ్వూకె రెక్కలు ఇరగ్గొట్టుకోకు. వచ్చిన పని కాకుంట అవెట్ల పోతయి?"

కట్టమ్మ వడిసెల కింద పడేసింది. పొద్దున పెట్టిన జొన్నగట్క గిన్నె మంచం పక్కన అలాగే ఉంది. మజ్జిగ పైకి తేరి, అంచు మీద ఈగలు వాలుతున్నాయి. ఆమె గిన్నె తీసుకుని లోపలికి పోయి, గుమ్మం చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడిస్తే అతనికి వినబడుతుంది. విన్నాడంటే సంగతి ఖాయమనుకుంటాడు.

వెంకట్రాజానికి ఇంకా యాభై నిండలేదు. పక్షవాతం కొట్టి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. దవాఖానలో డాక్టరు మాత్రం ధైర్యమే చెప్పాడు. గట్టి మనిషి, కడుపునిండా తినిపించు, కాలూ చెయ్యీ ఆడిస్తూ ఉండు, లేచి తిరుగుతాడు అన్నాడు. తిండి మాని మంచానికి అంటుకుపోతే ఇక తన చేతిలో ఏమీ లేదని కూడా అన్నాడు. ఇంటికి తెచ్చిన కొత్తలో కాస్తో కూస్తో తిన్నాడు. ఆ తర్వాత మానేశాడు. నోట్లో పెడితే పెదవి పక్కనుంచి వదిలేస్తాడు, బలవంతం చేస్తే పళ్ళు బిగిస్తాడు. అది రోగం కాదని కట్టమ్మకు తెలుసు. మొగుడు చావడానికి ఒప్పుకున్నాడు. రోగానికి మందుంది గానీ ఆ ఒప్పుకోలుకు మందు ఎక్కడ దొరుకుతుంది?

ఎందుకు ఒప్పుకున్నాడో తెలియాలంటే మైలోడి సంగతి చెప్పాలి. మైలోడంటే వాళ్ళ ఎద్దు. బూడిదరంగు ఒళ్ళు, లోపలికి వంగిన కొమ్ములు. డెబ్బై రెండులో వానలు మొహం చాటేశాయి. ఖిలా వరంగల్‌లో మట్టికోట లోపల వీళ్ళకున్న కాస్త చెలకా నెర్రెలు బాసింది. బావి అడుగంటింది. ఊళ్ళో గొడ్లు ఒకటొకటే కూలిపోతుంటే, కూలినవాటిని కోటకట్ట అవతల దిబ్బ మీద పారేసి వచ్చేవాళ్ళు. ఎక్కడెక్కడి రాబందులో ఆ దిబ్బను వెతుక్కుంటూ వచ్చాయి. మైలోడి జత ఎద్దు చలికాలంలోనే పోయింది. మైలోణ్ణి మాత్రం వెంకట్రాజం ఎండాకాలం దాకా లాక్కొచ్చాడు. కొట్టం కప్పు మీది పాత గడ్డి పీకి పెట్టాడు, తను తాగాల్సిన గంజి దాని ముందు పెట్టాడు. ఆ ఎద్దు ఇంకా నిలబడి గడ్డి నములుతుండగానే, రాబందులు దిబ్బ వదిలి ఇంటి వెనక తాళ్ళ మీదికి, అంటే ఆ రెండు తాటిచెట్ల మీదికి, వచ్చి కూర్చున్నాయి. ఎందుకొచ్చాయో అప్పుడు ఎవరికీ తట్టలేదు. తర్వాత ఎద్దు పడుకుంది. మళ్ళీ లేవలేదు.

అందరూ దిబ్బకు ఈడ్పించమన్నారు. వెంకట్రాజం ససేమిరా అన్నాడు. తన గంజి తాగినవాణ్ణి వాటికి వేస్తానా అన్నాడు. మగవాళ్ళంతా కరువు పనులకు పోయారు, సాయానికి మనిషి లేడు. కొట్టం వెనక, తాళ్ళకు అవతల, నిప్పులు చెరిగే ఎండలో ఒక్కడే గడ్డపార పట్టాడు. నేల రాయైపోయి ఉంది. దెబ్బ వేస్తే రవ్వలు లేచేవి గానీ మన్ను లేచేది కాదు. ఎంత తవ్వినా గుంత మొల లోతు కూడా రాలేదు. ఇద్దరూ కలిసి ఎద్దును అందులోకి దొర్లించి, పసుపు కుంకుమలు చల్లి, పెట్టెలో దాచిన కొత్త పంచె తెచ్చి కప్పి పూడ్చారు. చుట్టూ తుమ్మకంప నాటాడు. మరునాడు పొద్దున మొహం కడుక్కుంటూ, చేతిలో చెంబు జారిపోతే ఎందుకు జారిందా అని దానివైపే చూస్తూ కూలిపోయాడు.

ఎద్దు పోయింది. రాబందులు పోలేదు. మరి ఇంకెవరి కోసం కూర్చున్నట్టు? వెంకట్రాజం మనసు అక్కడే చిక్కుకుపోయింది. ఎద్దు నిలబడి ఉండగానే వచ్చాయంటే, మనుషులకు తెలియనిది వాటికి తెలుసన్నమాట. ఆ అనుమానాన్ని కొన్నాళ్ళు కడుపులోనే పెట్టుకున్నాడు. దాన్ని బయటికి లాగింది గోడవతలి సోమక్క.

సోమక్క చెడ్డమనిషి కాదు గానీ నోటికి తాళం లేదు. పప్పుకూర గిన్నె పట్టుకుని చూడ్డానికి వచ్చింది. మంచం పక్కనే నిలబడి, తాళ్ళ వైపు తలెత్తి, "అవి ఊకెనే కూసోవు వదినె," అంది. ఆ ఒక్క మాటే. వెంకట్రాజం మెల్లగా తల తిప్పి ఆమెను చూశాడు. తానొక్కడే అనుకుంటున్నది పైవాళ్ళకూ తెలిసిపోయిందన్నమాట. ఆ పూట నుంచే తిండి మానేశాడు. కట్టమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కూరగిన్నెను గోడమీద నుంచి తిరిగి పెట్టేసి, సోమక్కను నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. తిట్టి ఏం లాభం? మాట చెవిలో పడనే పడింది.

కట్టమ్మ చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. పుట్టిల్లు స్టేషన్ ఘన్‌పూర్ పక్క పల్లె. పెళ్ళి కాకముందు జొన్నచేల్లో మంచె ఎక్కి వడిసెల తిప్పిందంటే చిలకల గుంపు పక్క ఊరి పొలిమేర దాటేది. ఆ పౌరుషంతోనే ఇప్పుడూ వడిసెల పట్టింది. ఈ జాతి పక్షులకు సిగ్గూ శరమూ లేవని తెలుసుకోవడానికి ఆమెకు ఎంతోకాలం పట్టలేదు. డాల్డా డబ్బా తీసుకుని చెవులు చిల్లులు పడేలా కొట్టింది. చుట్టాలు మెడలు సాచి చూసి మళ్ళీ ముడుచుకున్నారు. అవును, ఆమె వాటిని చుట్టాలనే పిలిచేది, పిలవకుండా వచ్చి కూర్చున్నందుకు. మట్టెవాడలో ఓ దుకాణం నుంచి టపాకాయలు తెచ్చి కాల్చింది. తాళ్ళ మొదట్లో మిరపకాయల పొగ వేసింది. ఆ పొగ తాళ్ళెక్కడం మాని వాకిట్లోకి తిరిగి, మంచం మీది మనిషి ఊపిరాడక గిలగిల్లాడాడు. నీళ్ళు చల్లి, వీపు రాసి, ఆమె సగం చచ్చిపోయింది. అన్నిటికంటే ఘోరం ఆ నీడలు. ఆమె లేపిన ప్రతిసారీ అవి మంచం దాకా వస్తున్నాయి. లేపకపోతే అక్కడే కూర్చుంటున్నాయి. ఏం చేసినా తప్పే అవుతోంది.

అప్పుడు దిష్టిబొమ్మ ఆలోచన వచ్చింది. చేనులో పెట్టమా, ఇక్కడ పెడితే తప్పేమిటి అనుకుంది. పొడుగు వెదురుకు అడ్డకర్ర కట్టి, గడ్డి కూరి, కొట్టం మూలకు బిగించి నిలబెట్టింది. తొడగడానికి ఇంట్లో మగబట్టలు ఎవరివున్నాయి? వెంకట్రాజం పాత అంగీ, తలగుడ్డ తగిలించింది. పని ముగించి వాకిట్లోకి వచ్చేసరికి మంచం మీది మనిషి మొహం తెల్లగా పాలిపోయి ఉంది. అతను చూస్తున్న వైపు ఆమె కూడా చూసింది. కప్పు మీద, ఆకాశంలో, రెండు తాళ్ళ నడుమ వెంకట్రాజం అంగీ చేతులు చాపి గాలికి ఊగుతోంది. దాని భుజం మీద ఓ రాబందు వాలి ఉంది.

"నన్ను ముందే పంపినవా?" అన్నాడు.

కట్టమ్మ పరుగున పోయి వెదురు పీకి పారేసింది. అంగీ చేతిలో పట్టుకుని కొట్టంలో కూలబడి, తన చేతులతో తానే చెంపలు వాయించుకుంది. ఇంతకంటే తెలివితక్కువ ఆడది ఈ కోటలో ఇంకెవరైనా ఉంటారా? ఆ సాయంత్రం వెంకట్రాజం నీళ్ళు కూడా ఒక్క గుక్కే తాగాడు. కళ్ళు లోపలికి పోయాయి. ఇలాగే ఇంకొన్నాళ్ళు గడిస్తే రాబందుల మాటే నిజమవుతుందని ఆమెకు అర్థమైంది.

ఇక తాళ్ళు కొట్టించాల్సిందే అనుకుని కల్లు గీసే యాకయ్య ఇంటికి పోయింది. ఆ రెండు తాళ్ళూ అతని గీతలోవే. పక్షులు ఎక్కి రెట్టలతో పాడుచేసినప్పటి నుంచి అతనూ కల్లు లొట్టి కట్టడం మానేశాడు. ఆమె చెప్పిందంతా విని, చెట్టు మీద గొడ్డలి పెట్టనని ఖరాఖండిగా అన్నాడు, పెడితే తన కడుపు మీద పెట్టుకున్నట్టేనని. కట్టమ్మ ఎప్పుడూ ఎవరినీ బతిమాలని మనిషి. ఆ రోజు అతని కాళ్ళ మీద పడబోయింది. యాకయ్య వెనక్కి గెంతి, సరే చెల్లె, చెట్టు కొట్టను గానీ మట్టలన్నీ కొట్టేస్తాను, ఉత్త మొవ్వ ఉంచితే కాలు పెట్టడానికి వాటికి చోటుండదు, ఈ యేడు కల్లు పోతే పోయింది అన్నాడు.

మధ్యాహ్నం రాబందులు దిబ్బ మీదికి పోయిన వేళ చూసి యాకయ్య మోకు వేసుకుని ఎక్కాడు. కట్టమ్మ కింద నిలబడింది. అక్కడ నిలబడడమంటే మాటలా? నేలంతా సున్నం పోసినట్టు రెట్టలు. ముక్కు పగిలే వాసన. అందుకే ఎద్దును పూడ్చిన తర్వాత ఆమె తాళ్ళు దాటి అవతలికి పోయిందే లేదు. ఇంటివైపు కంప మాత్రం నాటింది నాటినట్టే కనబడుతోంది.

యాకయ్య మొవ్వ దాకా చేరాడు. ఇప్పుడు కత్తిదెబ్బ పడుతుంది, ఇప్పుడు మట్ట రాలుతుంది అని ఆమె చూస్తోంది. ఏ చప్పుడూ లేదు. అతను కత్తి పట్టుకునే ఉన్నాడు గానీ, కోటకట్ట వైపు తిరిగి కిందికి చూస్తూ అలాగే ఉండిపోయాడు. ఆమె పిలిచింది. పలకలేదు. భయంతో ఇంకోసారి పిలిచేలోగా దిగడం మొదలుపెట్టాడు, ఒక్క మట్ట కూడా కొట్టకుండా.

"మట్టలు కొడితే అయ్యేది కాదు చెల్లె," అన్నాడు కింద కాలు పెట్టి. "అవి ఎటు మొఖం పెట్టి కూసుంటయో ఎన్నడన్న చూసినవా?"

కట్టమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత తలెత్తి ఖాళీ మట్టల వైపు చూసింది. ఇన్నాళ్ళూ తామిద్దరూ చూసింది వాటి వీపులే కదా! తెల్లమచ్చల వీపులు. ఒక్కనాడైనా ఒక్క పక్షైనా మంచం వైపు ముక్కు తిప్పి కూర్చుందా?

"కట్ట దిక్కునుంచి కుక్కలు కంప తీసి గుంత తవ్వినయి," అన్నాడు యాకయ్య. "మైలోని కొమ్ము పైకి తేలింది. అవి వాని కోసం కూసున్నయి చెల్లె. బావ కోసం కాదు."

కట్టమ్మ ఆ రెట్టల నేల మీదే చతికిలబడింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి. లేచి, ఈ మాట మొగుడి చెవిలో వేయడానికి ఒక్క పరుగు తీసింది. కొట్టం మూల దాకా పోయి కాళ్ళకు బ్రేకు పడినట్టు ఆగిపోయింది.

ఏమని చెబుతుంది? నీ కోసం కాదు, నీ ఎద్దు కోసం అని చెప్పాలి. ఏ గుంత కోసం చెయ్యీ కాలూ పోగొట్టుకున్నాడో ఆ గుంతనే కుక్కలు తవ్వాయని చెప్పాలి. ఉన్న కాస్త ప్రాణం ఆ మాటకే పోతే? పోనీ చెప్పకుండా మళ్ళీ పూడ్చినా కుక్కలు మళ్ళీ తవ్వుతాయి, చుట్టాలు చెట్టు దిగరు, ఈ మనిషి ముద్ద ముట్టడు. లోతుగా తవ్వే బలం తనకు లేదు, అంత గట్టి నేలను తవ్వే మనిషీ దొరకడు. ఆమె అటూ ఇటూ ఎంతసేపు తూకం వేసుకుందో గానీ, చివరికి ముల్లు ఒక్క దిక్కే మొగ్గింది. మైలోడు చచ్చిపోయాడు. ఈయన బతికున్నాడు.

యాకయ్య దగ్గరికి తిరిగొచ్చి, చచ్చిన గొడ్ల ఎముకలు కొనుక్కుపోయే గోదాము బండిని రేపు పిలిపించమంది. తవ్వి తీసి, దూరంగా దిబ్బకు ఆవలికి ఈడ్చుకుపోవాలి. మంచం మీది మనిషికి తెలియకూడదు. యాకయ్య సరేనని తలూపి వెళ్ళిపోయాడు. కట్టమ్మ కంప దగ్గరికి పోయి నిలబడింది. రోజూ కుడితి పెట్టేటప్పుడు ఆ ఎద్దు తన మోచెయ్యి నాకేది, గరుకు నాలుకతో. "తప్పయితే నా మీదనే పడనీ బిడ్డా," అంది.

మరునాడు ఎండ నడినెత్తికొచ్చాక బండి వెనక దారిన వచ్చింది. వెంకట్రాజానికి మగతగా ఉంది. కట్టమ్మ మంచం పక్కన విసనకర్ర పట్టుకుని కూర్చుంది, చెవులు మాత్రం ఇంటి వెనకే ఉన్నాయి. గడ్డపార మొదటి దెబ్బ పడగానే అతని కనురెప్పలు అదిరాయి. ఆ చప్పుడేమిటని అడిగాడు. యాకయ్య అన్న మట్టలు కొడుతున్నాడని అబద్ధం చెప్పింది. దెబ్బలు పడుతున్నాయి. ప్రతి దెబ్బా ఆమె డొక్కలో దిగుతోంది. తొందరగా కానివ్వండిరా నాయనా అని లోలోపల మొక్కుకుంటోంది.

వాకిట్లో నీడలు కదిలాయి. ఈ వేళకు ఎన్నడూ రాని పక్షులు దిబ్బ మీది నుంచి తిరిగొచ్చాయి. పైనుంచి వాటికి అన్నీ కనబడతాయి కదా. కానీ ఈసారి తాళ్ళ మీద వాలలేదు. ఒకదాని వెనక ఒకటి, కాళ్ళు కిందికి జారవిడిచి, ఇంటి కప్పు దాటి వెనక్కి దిగిపోతున్నాయి. వెంకట్రాజం కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. దిబ్బ మీద గొడ్లను పారేసే రోజుల్లో అతను ఎన్నిసార్లో చూశాడు. ప్రాణం ఉన్నంతసేపూ అవి పైనే కూర్చుంటాయి. దిగాయంటే అంతా అయిపోయినట్టే.

"కట్టీ," అన్నాడు. "అవి దిగినయే."

ఆమె విసనకర్ర ఆగిపోయింది.

"నేనింక ఈడనే ఉన్న గదనే? మరి అవి ఎవలి కోసం దిగినయి?"

కట్టమ్మ అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది గానీ, పాడు కళ్ళు ఆమె మాట వినకుండా ఇంటి వెనక్కి తిరిగాయి. అది చాలు. వెంకట్రాజం గొంతులోంచి ఓ కేక వచ్చింది. మాట కాదు, ఉత్త కేక. పక్షవాతం కొట్టిన తర్వాత ఆ గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. మంచం ఒరిగింది, మనిషి దబ్బున నేల మీద పడ్డాడు. పట్టుకోబోయిన ఆమెను మోచేత్తో నెట్టేశాడు. ఆ మోచేతి మీదే పాక్కుంటూ, పడిపోయిన కాలును ఈడ్చుకుంటూ, వాకిలి దాటి కొట్టం పక్కనుంచి పోయాడు. ఎండకు కాలిన నేల. మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు చారిక పడుతోంది. ఆమె వెంట పరుగెత్తుతూ నెత్తీ నోరూ బాదుకుంటోంది గానీ అతనికి వినబడితే కదా!

వెనక కంప పీకేసి ఉంది. ఇద్దరు మనుషులు గుంతలో నిలబడి ఉన్నారు. పక్కన యాకయ్య తల వంచుకున్నాడు. మన్ను తొలగిన చోట మాసిన పంచె అంచు, ఓ కొమ్ము కనబడుతున్నాయి. కోటకట్ట వాలు మీద రాబందులు రెక్కలు సగం విప్పి నిలబడి ఎదురుచూస్తున్నాయి. వెంకట్రాజం గుంత అంచు దాకా పాకి, ఎడమచేతికి దొరికిన మట్టిపెళ్ళ తీసి వాటి మీదికి విసిరాడు. ఇంకోటి విసిరాడు. బండివాళ్ళు ఈ మనిషిని చూసి గడ్డపార వదిలేసి పైకెక్కారు.

కట్టమ్మ అతని పక్కన కూలబడి అతని తలను రెండు చేతులతో పట్టుకుంది.

"అవి నీ కోసం వచ్చినయి కావు," అంది. "వీని కోసం వచ్చినయి. కుక్కలు గుంత తవ్వినయి. సచ్చినోన్ని ఇచ్చి బతికినోన్ని ఉంచుకుందామనుకున్న. నాకు నువ్వు కావాలె. తిడితే తిట్టు, కొడితే కొట్టు, నాకు నువ్వు కావాలె."

అతను రొప్పుతూ ఆమెను చూశాడు. తర్వాత కొమ్మును చూశాడు. ఖాళీగా ఉన్న తాళ్ళను, వాలు మీద నిలబడ్డ పక్షులను చూశాడు. అవి అతని వైపు కన్నెత్తి చూడడం లేదు. గుంత వైపే చూస్తున్నాయి. అన్నాళ్ళూ తనను చంపిన చూపు తన మీద పడింది కాదని తెలియడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

"నా కోసమనుకున్న గాబట్టే ఊకున్ననే," అన్నాడు. "వాని కోసమైతె ఊకుంటనా?"

ఆమె కొట్టిన డాల్డా డబ్బా తెమ్మన్నాడు.

బండివాళ్ళు ఈ ఇంటి మనుషులకు మతి లేదని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. యాకయ్య తీసిన మన్ను మళ్ళీ గుంతలోకి నెట్టి, కోటకట్ట నుంచి జారిపడ్డ రాళ్ళు మోసుకొచ్చి కుక్కలు తవ్విన చోట పేర్చాడు. మంచం ఇంటి వెనక్కి వచ్చింది. ఆ రెట్టల నేల మీద కట్టమ్మ బూడిద చల్లి, కంప పక్కనే, కొట్టం నీడలో మంచం వేసింది. మంచం కోడుకు డాల్డా డబ్బా వేలాడదీసి, వెంకట్రాజం ఎడమచేతికి వేపకర్ర ఇచ్చింది. వాసన భరించలేక ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. అతను మాత్రం వాసనే లేనట్టు పడుకున్నాడు.

సాయంత్రం చుట్టాలు తాళ్ళ మీద వాలబోయారు. డబ్బా మోగింది. అవి లేచాయి, తిరిగాయి. నీడలు గుంత మీదుగా, మంచం మీదుగా, వెంకట్రాజం మొహం మీదుగా పోయాయి. అతను కళ్ళు మూసుకోలేదు. అవి దిగబోయినప్పుడల్లా డబ్బా మీద కర్ర పడుతూనే ఉంది. కట్టమ్మ కొట్టినట్టు అలిసిపోయేదాకా కొట్టి మానేయడం కాదు. అవి మట్ట మీద కాలు పెట్టిన క్షణం చూసి కొడుతున్నాడు. పొద్దుగూకే వేళకు కొన్ని విసిగి దిబ్బ దిక్కు పోయాయి. కొన్ని కోటకట్ట మీద కూర్చుని చూస్తున్నాయి. రేపు మళ్ళీ వస్తాయి. రానీ.

సోమక్క గోడ మీదుగా మొహం పెట్టి, ఇదేం గోల వదినె, అన్నకు తలకాయ గిట్ల తిరిగిందా అని అడిగింది. కట్టమ్మ గట్క కలుపుతూ, చుట్టాలను సాగనంపుతున్నాడని చెప్పింది. సోమక్క లోపలికి పోయి, పచ్చడి గిన్నె తెచ్చి గోడ మీద పెట్టింది. ఈసారి కట్టమ్మ దాన్ని తిప్పి పంపలేదు.

గట్క పెడితే వెంకట్రాజం తిన్నాడు. కళ్ళు పైన ఉంచే తిన్నాడు, నోటికి అందిస్తుంటే. పెదవి పక్కనుంచి కారింది కూడా నాలుకతో లోపలికి తీసుకున్నాడు. గిన్నె అడుగుకు వచ్చాక ఇంకా ఉందా అని అడిగాడు. ఆమె తల పక్కకు తిప్పుకుని లేచింది, మొహం కనబడకుండా.

"మిర్గం పడి వాన కొట్టినంక దీన్ని మల్ల తవ్వాలె," అన్నాడు వెనకనుంచి. "మనిషి లోతు తవ్వాలె. అప్పుడు కుక్కలకు అందది."

"ఎవలు తవ్వుతరు?"

"నేనే. ఇంకెవలు తవ్వుతరు?"

కట్టమ్మ వెనక్కి తిరిగింది. పడిపోయిన కుడిచెయ్యి మంచం అంచున వేలాడుతోంది. దాన్ని తీసి అతని పొట్ట మీద పెట్టి, వేళ్ళు ఒకటొకటే వంచి, చాపి, మళ్ళీ వంచింది. ఇన్నాళ్ళూ ముట్టుకోనివ్వని చెయ్యి. అతను తాళ్ళ మీదనే కన్నేసి ఉన్నాడు.

"అట్లయితె ఇంకింత తిను," అని ఆమె గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి పోయింది.